సాహసయాత్రకు సన్నాహం

'సాహసం' అనే పదాన్ని నేడు అందరూ మెచ్చుకోలుగా వాడుతున్నారు. ప్రాచీన ధర్మశాస్త్రాలలో మాత్రం ఆ పదం బలప్రయోగంతో చేసే నేరానికి పేరు. ముందువెనుకలు చూడక తెగబడి చేసే పనికి కూడా పెద్దలు ఆ పేరే పెట్టారు. 'సన్నాహం' అనే పదం చరిత్ర ఇందుకు భిన్నమైనది. బిగించి కట్టుకోవడం, కవచం తొడుగుకోవడం దాని మొదటి అర్థాలు. యుద్ధానికి పోయే వీరుడు ఒంటికి కవచం బిగించుకొన్నట్లే, తెలియని నేలమీద కాలు మోపేవాడు తెలివిని కవచంగా ధరించాలి. సన్నాహం తోడైనప్పుడే సాహసం ప్రశంసకు పాత్రమవుతుంది. సన్నాహం లేని సాహసానికి పాత అర్థమే మిగులుతుంది.

కొండలు ఎక్కడం, అడవులలో నడవడం, గుహలు చూడడం, లోయల అంచున గుడారాలు వేసుకొని రాత్రి గడపడం వంటివి యువతను ఎంతగానో ఆకర్షిస్తాయి. అందులో తప్పు లేదు. నాలుగు గోడల మధ్య నేర్చిన భూగోళశాస్త్రం కాలినడకన ప్రత్యక్షమయ్యేది అక్కడే. అయితే ఆ ఆకర్షణకు లొంగి అనాలోచితంగా బయలుదేరిన వారిలో కొందరు తిరిగి రాకపోవడం కూడా ఏటా వింటున్న విషాదమే. కనుక సాహసయాత్రను ఎట్లా రూపొందించుకోవాలో తెలుసుకోవడం విద్యలో భాగమే అవుతుంది.

మూడు నేలలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దక్షిణ డకోటా అనే రాష్ట్రం ఉంది. సాహసయాత్రికులు అక్కడ ఒకే యాత్రలో మూడు రకాల నేలలను చూస్తారు. మొదటిది కొండల ప్రాంతం. దట్టమైన చెట్లతో దూరానికి నల్లగా కనిపించే ఆ కొండలను లకోటా తెగవారు 'పాహా సాపా' అన్నారు. 'నల్లని కొండలు' అని దానికి అర్థం. రెండవది ప్రెయిరీలనే విశాలమైన గడ్డి మైదానం. మూడవది వాన నీరు, గాలి కోసివేయగా గండ్లు, మిట్టలు, పదునైన అంచులు మిగిలిన ఎగుడుదిగుడు నేల. దానిని లకోటాలు 'మాకో సికా' అన్నారు. 'చెడ్డ నేల' అని దానికి అర్థం. నీరు దొరకదు, దారి సాగదు, నీడ ఉండదు. అందుకే ఆ పేరు వచ్చింది.

ఇటువంటి మూడు నేలలను చూడడానికి సముద్రాలు దాటి పోవలసిన పనిలేదు. తెలుగునేలపైనా నల్లని కొండలున్నాయి. వాటి పేరే నల్లమల. నల్లమలకు పశ్చిమాన, ఎర్రమల కొండలకు తూర్పున ఉన్న మైదానంలో రోళ్లపాడు గడ్డిభూములున్నాయి. ఆ ఎర్రమల కొండలనే పెన్నానది కోసివేసిన చోట గండికోట లోయ ఉంది. కొండ, గడ్డినేల, గండి అనే ఈ మూడింటిని ఆరు రోజులలో చూసి రావచ్చు.

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువునుండి పదిమంది జూనియర్ కళాశాల విద్యార్థులు, వారితో ఇద్దరు అధ్యాపకులు ఈ యాత్రకు పూనుకొన్నారని అనుకోవచ్చు. మేళ్లచెరువు స్వయంభూ శంభులింగేశ్వరస్వామి ఆలయానికి, మహాశివరాత్రి జాతరకు పేరుపొందిన ఊరు. చుట్టూ ఉన్న సున్నపురాయి నిక్షేపాలవల్ల సిమెంటు కర్మాగారాలకు కూడా నెలవైంది. ఆ విద్యార్థులకు ఎండ కొత్త కాదు. కృష్ణానది కొత్త కాదు. కాని సాగర్ ఎడమకాలువ తడిపే కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల పచ్చని పొలాలను చూసి పెరిగినవారికి నీరు లేని దారి ఎట్లా ఉంటుందో తెలియకపోవచ్చు. సన్నాహం ఆ తెలియనితనాన్ని ఒప్పుకోవడంతోనే మొదలవుతుంది.

పూర్వుల మాదిరి

తెలుగువారికి యాత్రా ప్రణాళిక నూతన విషయం కాదు. పాల్కురికి సోమనాథుడు 'పండితారాధ్య చరిత్ర'లో ఒక ప్రకరణానికి 'పర్వత ప్రకరణ'మని పేరు పెట్టి, శ్రీశైల యాత్రకు పోయే భక్తుల సమూహాలను వర్ణించాడు. రెడ్డిరాజులలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లదారి కట్టించి యాత్రికుల శ్రమను తగ్గించాడు.

యాత్రను ఒక శాస్త్రంగా నిర్వహించిన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ద్విభాషిగా ఉండేవాడు. 1830 మే 18న సుమారు నూరుమంది పరివారంతో చెన్నపట్నంనుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకొన్నాడు. రైలు లేని కాలం, దారిలో ఎన్నో పాలనలు, ఎన్నో భాషలు. అయినా అంతమందిని వెంట నడిపించి తిరిగి ఇల్లు చేర్చాడు. మజిలీనుండి మజిలీకి దూరమెంత, దారి ఎట్లా ఉంది, నీరు ఎక్కడ దొరుకుతుంది, అంగళ్లలో ఏ సరుకులు లభిస్తాయి అన్నవి ఆయన ఎప్పటికప్పుడు రాసి ఉంచాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె పూనికతో ఆ రచన 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. తరువాత వచ్చేవారికి దారి తెలియాలన్న తలంపు అందులో ప్రతి పుటలోనూ కనిపిస్తుంది. ఇప్పటి యాత్రికుడు కూడా వేసుకోవలసిన ప్రశ్నలు అవే.

పటాన్ని చదవడం

ప్రణాళికలో మొదటి పని పటాన్ని సంపాదించడం. 1767లో ఏర్పడిన భారత సర్వేక్షణ సంస్థ 1:50,000 ప్రమాణంలో స్థలవర్ణన పటాలను తయారుచేసింది. వీటిలో రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరుకు సమానం. సముద్రమట్టంనుండి సమానమైన ఎత్తులో ఉన్న స్థలాలను కలిపే సమోన్నత రేఖలు వీటికి ప్రాణం. రేఖలు దూరదూరంగా ఉంటే నేల చదునుగా ఉందని, దగ్గరదగ్గరగా ఉంటే నిట్రమైన వాలు అని, ఒకదానిపై ఒకటి పడినట్లుంటే కొండ చరియ అని గ్రహించాలి. చేతిలోని సెల్‌ఫోను దారి చూపుతుంది కదా అని కొందరు పటాన్ని చిన్నచూపు చూస్తారు. నల్లమలలో చాలాచోట్ల సంకేతాలు అందవు. బ్యాటరీ అయిపోతే ఫోను ఇటుక ముక్కతో సమానం. కాగితపు పటం, దిక్సూచి, వాటిని ఉపయోగించడం తెలిసిన ఒక మనిషి బృందంలో తప్పక ఉండాలి.

దూరాన్ని కాలంగా మార్చడం రెండవ పని. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండు పర్వతారోహకుడు ఇందుకు ఒక సులభమైన లెక్క చెప్పాడు. ప్రతి ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మరొక గంట కలుపుకోవాలి. రాకపోకలు కలిసి పది కిలోమీటర్లు, మధ్యలో 300 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి ఈ లెక్క ప్రకారం రెండున్నర గంటలు చాలు. అయితే అది అలవాటుపడిన వారి నడక. రాళ్లదారిలో, వీపున బరువుతో, ఎండలో నడిచే కొత్తవారు దానిని రెట్టింపు చేసుకోవాలి. ఐదు గంటలు నడకకు పోగా, విశ్రాంతికి, భోజనానికి మరొక గంటన్నర ఉంచుకోవాలి. కాగితంపై రెండున్నర గంటలుగా కనిపించిన దారి ఇట్లా పగలులో సగం పైగా మింగుతుంది.

కొండ

మొదటిరోజు మేళ్లచెరువునుండి హుజూర్‌నగర్, మిర్యాలగూడ, నాగార్జునసాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా శ్రీశైలం చేరాలి. ఇది పగలంతా పట్టే ప్రయాణం. తెల్లవారుజామునే బయలుదేరడానికి ఒక బలమైన కారణం ఉంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోనే అగ్రస్థానంలో ఉంది. వన్యప్రాణుల రక్షణకోసం దాని గుండా పోయే ఘాటురోడ్డుపై రాత్రివేళ వాహనాల రాకపోకలను అటవీశాఖ నిషేధించింది. ద్వారం మూసే వేళను ముందుగానే విచారించుకోవాలి. ఆలస్యమైతే బతిమాలి లోపలికి పోవడానికి ప్రయత్నించక దోర్నాలలోనే ఆగిపోయే ఏర్పాటు ప్రణాళికలో ఉండాలి.

రెండవరోజు కాలినడక. శ్రీశైలానికి ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా వచ్చే ప్రాచీనమైన కాలిదారి ఉంది. శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు, ముఖ్యంగా కన్నడ ప్రాంతీయులు, నేటికీ ఆ దారిన నడిచి వస్తారు. శ్రీశైలంలో బస చేసిన బృందం అటవీశాఖ అనుమతి పొంది కైలాసద్వారంనుండి భీముని కొలనువరకు పోయి రావచ్చు. ఇక్కడ ఒక మెలకువ అవసరం. సాధారణంగా కొండయాత్రలో ముందు ఎక్కడం, తరువాత దిగడం ఉంటుంది. అలసిన కాళ్లకు దిగుడు తేలిక. ఈ దారిలో కైలాసద్వారం పైన, కొలను లోయలో ఉన్నాయి. పోయేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. ఉదయపు చల్లదనంలో హుషారుగా మెట్లు దిగినవారు మధ్యాహ్నపు ఎండలో అవే మెట్లు ఎక్కవలసి వస్తుంది. ఆ సంగతి మరచినవారి నీళ్ల సీసాలు సగం దారిలోనే ఖాళీ అవుతాయి.

నల్లమల నిర్జనారణ్యం కాదు. తరతరాలుగా చెంచులు అక్కడ పెంటలలో, గూడేలలో జీవిస్తున్నారు. తేనె పట్టే చెట్టు, ఎండాకాలంలో ఎండని ఊట, జంతువులు తిరిగే జాడ వారికి చిరపరిచితాలు. అటవీశాఖ కూడా అడవి కాపలాకు చెంచులను నియమించుకొంటున్నది. అనుమతితోపాటు దారి తెలిసిన చెంచు ఒకరిని తోడు కోరడం మేలు. వారి మాటను వినడం యాత్రలో మొదటి నియమం కావాలి. గూడెం మీదుగా పోయేటప్పుడు అది ఇతరుల ఇంటి ముంగిలి అని గుర్తుంచుకొని మసలుకోవాలి.

ఆ అడవి గంభీరత ఎంతటిదో తెలియజేసిన ఘటన ఒకటి ఉంది. 2009 సెప్టెంబరు 2న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టరు ప్రతికూల వాతావరణంలో నల్లమలలో కూలిపోయి, అందులోని ఐదుగురూ మరణించారు. ప్రభుత్వ యంత్రాంగమంతా కదిలి వెదికినా మరునాటి ఉదయంవరకు జాడ తెలియలేదు. రాష్ట్ర ముఖ్యమంత్రికే సహాయం అంత ఆలస్యమైన అడవిలో, ఎవరికీ చెప్పకుండా దారి తప్పిన నలుగురు విద్యార్థులను కనుగొనడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. అందుకే బృందం పేర్లు, దారి, తిరిగి వచ్చే వేళ రాసిన కాగితం ఒకటి బయట ఉన్నవారి చేతిలో ఉంచి తీరాలి.

గడ్డినేల

మూడవరోజు శ్రీశైలంనుండి దోర్నాలకు దిగి, నల్లమలను దాటి ఆత్మకూరు మీదుగా రోళ్లపాడు ప్రాంతానికి చేరాలి. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలోని ఈ గడ్డిభూమిలో 614 హెక్టార్లను 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. బట్టమేక పక్షిని కాపాడడమే దాని ఆశయం. ఎగరగల పక్షులలో అత్యంత బరువైన వాటిలో ఇది ఒకటి. మగపక్షి బరువు పదిహేను కిలోలవరకు ఉంటుంది. గూడు కట్టదు. నేలపైనే గుడ్డు పెడుతుంది. సాధారణంగా ఒక్కటే గుడ్డు. మనిషి అడుగు, పశువు గిట్ట, కుక్క వాసన పడితే ఆ ఏడాది సంతానం పోయినట్లే. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2011లో ఈ పక్షిని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. ఇటీవలి సంవత్సరాలలో రోళ్లపాడులో అది కనిపించడం దాదాపు నిలిచిపోయింది. కృష్ణజింకలు, తోడేళ్లు, ఇతర పక్షులు మాత్రం ఆ గడ్డిని నమ్ముకొని ఉన్నాయి.

కొండను చూసి భయపడేవారు సైతం చదునునేలను తేలికగా తీసుకొంటారు. అది పొరపాటు. గడ్డిమైదానంలో చెట్టు ఉండదు కనుక నీడ ఉండదు. అన్ని దిక్కులూ ఒకేవిధంగా ఉంటాయి కనుక దిక్కు తోచదు. కనుచూపుమేర నేల కనిపించడంవల్ల దూరం దగ్గరగా అనిపిస్తుంది. ఇక్కడ నడక సూర్యోదయంతో మొదలై, ఎండ ముదరకముందే ముగియాలి. దుస్తులు గడ్డిరంగులో కలిసిపోయేవిగా ఉండాలి. ఏర్పరచిన బాటను విడిచి గడ్డిలోకి దిగరాదు. కేకలు, పాటలు పనికిరావు.

గడ్డిభూమిని చూసి చాలామంది బంజరు అని అనుకొంటారు. చెట్లు లేని చోట ఏమీ లేదన్న భావన అది. నిజానికి గడ్డి వేళ్లు వల అల్లినట్లు నేలలో పాకి మట్టిని పట్టి ఉంచుతాయి. అమెరికాలోని ప్రెయిరీలను హద్దులేకుండా దున్నివేసినందున 1930వ దశకంలో, కరవు వచ్చినప్పుడు, పైమట్టి తుపానులై లేచిపోయింది. వేలాది కుటుంబాలు ఊళ్లు విడిచాయి. గడ్డి పోయిన నేలను గాలి ఎత్తుకుపోతుంది, వాన కోసివేస్తుంది. మంచి నేల చెడ్డ నేలగా మారే క్రమం ఇది.

గండి

నాలుగవరోజు నంద్యాల, బనగానపల్లె మీదుగా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలను చూసి, జమ్మలమడుగు దాటి గండికోట చేరవచ్చు. బెలుం గుహలు మేళ్లచెరువు విద్యార్థులకు పరాయివి కావు. కర్నూలు ప్రాంతంలోని సున్నపురాయి పొరలు పల్నాడులోనూ, కృష్ణకు ఈవల మేళ్లచెరువు పరిసరాలలోనూ ఉన్నాయి. భూగర్భశాస్త్రజ్ఞులు వీటిని ఒకే వర్గానికి చెందినవిగా గుర్తించారు. తమ ఊరిలో సిమెంటుగా మారుతున్న రాయినే బెలుంలో నీరు బొట్టుబొట్టుగా కరిగించి మూడు కిలోమీటర్లకు పైగా సొరంగాలుగా మలచింది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను గురించి రాశాడు. 1982, 1983 సంవత్సరాలలో డేనియల్ గెబౌర్ నాయకత్వంలోని జర్మన్ బృందం వీటిని వివరంగా పరిశీలించింది. 2002లో ఇవి సందర్శకులకు అందుబాటులోకి వచ్చాయి. లోపల ఉక్కపోత ఎక్కువ. దీపాలు అమర్చిన బాటనుండి పక్క సందులలోకి పోరాదు.

ఐదవరోజు గండికోట. కోట ఒక అంచున ఉండగా, కింద పెన్న ఎర్రని రాతిగోడల మధ్య ప్రవహిస్తుంది. లోయ లోతు సుమారు 300 అడుగులని చెబుతారు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడు. లోయ అంచున కాపుగోడ లేదు. పలకలుగా చీలిన బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుంటాయి. వాటిలో ఏది కదులుతుందో చూపుకు తెలియదు. ఫొటోకోసం వెనకడుగు వేసేవారికి, వాన తడిపిన రాతిపై పరుగెత్తేవారికి ఇక్కడ రెండవ అవకాశం ఉండదు. అంచుకు కనీసం రెండు నిలువుల దూరంలో ఆగాలి. చీకటిలో అంచువైపు పోరాదు. నదిలో ఈతకు దిగరాదు.

రాతిని నది కోసిన తీరు గండికోటలో కనిపిస్తే, మట్టిని వాన కోసిన తీరు విశాఖపట్నం, భీమునిపట్నం మధ్యనున్న ఎర్రమట్టి దిబ్బలలో కనిపిస్తుంది. దక్షిణ డకోటాలోని 'చెడ్డ నేల'కు తెలుగునాట దగ్గరి పోలిక అదే. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. ఈ యాత్రామార్గానికి దూరమైనా మరొక యాత్రకు అవి తగిన గమ్యం. ఒక్క మాట మరువరాదు. వేల సంవత్సరాలలో ఏర్పడిన ఆ దిబ్బ అంచు ఒక్క మనిషి కాలి బరువుకు విరిగిపోతుంది. ఇక్కడ మనిషికి నేలవల్ల ఎంత ప్రమాదమో, నేలకు మనిషివల్ల అంతే ప్రమాదం. గండికోటనుండి తిరుగు ప్రయాణం సుదీర్ఘమైనది కనుక ఆరవరోజును పూర్తిగా దానికే కేటాయించాలి.

కాలం, నీరు, సామగ్రి

ఈ యాత్రకు డిసెంబరు, జనవరి మాసాలు అనుకూలం. మార్చి దాటితే కృష్ణకు ఇరువైపులా ఎండలు మండిపోతాయి. ఆవలి ఒడ్డున పల్నాడులోని రెంటచింతల పేరు వేసవి వార్తలలో ఏటా వినిపించేదే. వర్షకాలంలో పులుల అభయారణ్యాలలో సందర్శకుల ప్రవేశాన్ని సాధారణంగా నిలిపివేస్తారు. అక్టోబరు, నవంబరులలో తుపానుల భయం ఉంటుంది. 2009 అక్టోబరు మొదటివారంలో కృష్ణా, తుంగభద్రల వరదలో కర్నూలు నగరమే మునిగిపోయింది. బయలుదేరే ముందు వాతావరణశాఖ సూచనను చూడడం, ప్రతికూలంగా ఉంటే యాత్రను వాయిదా వేయడం పిరికితనం కాదు.

ఎండలో నడిచే మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్ల నీరు కావాలి. లీటరు నీరు కిలో బరువు. పన్నెండుమందికి నలభైఎనిమిది లీటర్లు, అంటే అంతే కిలోలు. ఈ బరువును ఒకరిపై మోపక అందరూ పంచుకోవాలి. ఎవరి నాలుగు లీటర్లు వారే మోస్తే మిగిలిన సామాను ఎంత తగ్గించుకోవాలో తెలిసివస్తుంది. అటుకులు, వేరుశనగ ఉండలు, ఖర్జూరం, అరటిపండ్లు వంటి తేలికైన ఆహారం చాలు. బిగువైన బూట్లు, టోపీ, టార్చిలైటు, ఈల, ఓఆర్‌ఎస్ పొట్లాలు, ప్రథమ చికిత్స పెట్టె, చెత్తను తిరిగి తెచ్చుకోవడానికి ఒక సంచి ఉండాలి. అడవిలో నిప్పు రాజేయరాదు.

పాముకాటు విషయంలో పాత నమ్మకాలు విడవాలి. కాటుపై కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం హానికరం. కాటు పడిన అవయవాన్ని కదలనీయక, బాధితునికి ధైర్యం చెప్పి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వీలైనంత త్వరగా చేర్చాలి. దారిలో అటువంటి ఆసుపత్రులు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే రాసుకోవాలి. 108 అంబులెన్సును పిలవాలన్నా సంకేతం అందే చోటికి ముందు చేరాలి కదా!

మలుపు గడియ

ప్రణాళికలో అత్యంత ముఖ్యమైనది తిరుగుముఖం పట్టవలసిన వేళ. దీనిని బయలుదేరకముందే నిర్ణయించుకోవాలి. భీముని కొలను నడకనే తీసుకోవచ్చు. ఉదయం ఏడుగంటలకు బయలుదేరి, సాయంత్రం నాలుగు గంటలకల్లా తిరిగి పైకి చేరాలనుకొంటే చేతిలో ఉన్నవి తొమ్మిది గంటలు. దిగడంకంటె ఎక్కడానికి ఎక్కువ కాలం పడుతుంది. అలసట, ఆలస్యం, ఒకరికి కాలు మెలికపడడం వంటి వాటికి కొంత కాలం మిగలాలి. అందుచేత పోవడానికి మూడు గంటలు, రావడానికి ఆరు గంటలు ఉంచుకోవాలి. అంటే పది గంటలకు బృందం ఎక్కడుంటే అక్కడినుండి వెనుదిరగాలి. కొలను కంటికి కనిపిస్తున్నా సరే, పదడుగులలో ఉన్నా సరే. చల్లని ఉదయాన చేసుకొన్న ఈ నిర్ణయాన్ని అలసిన వేళ, ఉత్సాహం ఉరకలువేసే వేళ మార్చరాదు.

ఇందుకు దృష్టాంతాలు తెలుగువారి పర్వతారోహణ చరిత్రలోనే ఉన్నాయి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఆమెతోపాటు శిఖరాన్ని చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. లోకం చూసినది శిఖరంపై పతాకాన్ని. దాని వెనుక భువనగిరి ఏకశిలపై నేర్చిన తొలి పాఠాలు, డార్జిలింగ్‌లో శిక్షణ, లడఖ్ గడ్డకట్టే చలిలో సాధన ఉన్నాయి. ఒక్కొక్క మెట్టులోనూ నెగ్గినవారినే తరువాతి మెట్టుకు పంపారు.

నెల్లూరు జిల్లాకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించి కీర్తి గడించాడు. అంతటి అనుభవశాలి 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో ఒంటరిగా శిఖరానికి పోయి, ప్రతికూల వాతావరణంలో ప్రాణాలు కోల్పోయాడు. ఇది ఆయన ధైర్యాన్ని తక్కువచేసే విషయం కాదు. ఎంత నేర్పు ఉన్నవారికైనా కొండ మినహాయింపు ఇవ్వదన్న సత్యాన్ని అది తెలియజేస్తుంది. నేర్పు ఇంకా అలవడని విద్యార్థులు ఒంటరిగా పోరాదని, వాతావరణాన్ని ధిక్కరించరాదని వేరే చెప్పనక్కరలేదు.

బృందధర్మం

బృందంలో అందరికంటె నెమ్మదిగా నడిచేవారి వేగమే బృందం వేగం. ముందు ఒక అధ్యాపకుడు, చివర మరొకరు నడవాలి. ప్రతి అరగంటకు తలలు లెక్కించాలి. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు వంటివి ఉన్నవారు దాచకుండా చెప్పాలి. 'నాకు చేతకావడం లేదు' అని చెప్పినవారిని ఎవరూ హేళన చేయరాదు. ఆ హేళనకు భయపడి చెప్పకపోవడమే అనేక ప్రమాదాలకు మూలం. బాలికలకు యాత్రలో సమాన భాగం ఉండాలి. వారితోపాటు మహిళా అధ్యాపకురాలు తప్పక ఉండాలి. తల్లిదండ్రుల అంగీకారపత్రం కేవలం లాంఛనం కాదు. పిల్లలను నమ్మి అప్పగించిన పత్రం అది.

కొండ దారిని అడుగుతుంది. గడ్డినేల మౌనాన్ని అడుగుతుంది. గండి నిలకడను అడుగుతుంది. ఏ నేల ఏమి అడుగుతుందో ముందుగా తెలుసుకొని, ఆ మేరకు తనను తాను సిద్ధపరచుకోవడమే ప్రణాళిక. అట్లా సిద్ధపడినవారు నేలను జయించడానికి కాక నేర్చుకోవడానికి పోతారు. వారు నడిచిన తరువాత కూడా చెంచు గూడెం, కృష్ణజింకల మంద, ఎర్రరాతి అంచు ఎప్పటివలెనే ఉంటాయి.

యాత్రకు ముందురోజు సాయంత్రం ప్రణాళిక ప్రతులు మూడు సిద్ధం కావాలి. ఒకటి బృందనాయకుని వద్ద, ఒకటి కళాశాలలో, ఒకటి మేళ్లచెరువులోని ఇంటివద్ద ఉండాలి. ఆ కాగితంలో గమ్యాలు, బసలు, దూరాలు ఎన్ని ఉన్నా, చివరి పంక్తిలో ఆరవరోజు రాత్రి ఇల్లు చేరే వేళ రాసి ఉంటుంది. పైనున్న పంక్తులలో ఏదైనా కొట్టివేయవలసి రావచ్చు. చివరి పంక్తిని కాపాడుకోవడానికే మిగిలినవన్నీ రాసుకొన్నారని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.